వ్యాధిబీజమునకు ముద్ర

బందెలదొడ్డికి చేరిన పశువు ఎవరిదను వివాదము వచ్చినపుడు పెద్దలు రంగును మాత్రమే చూచి తీర్పు చెప్పరు. ఒకే రంగు పశువులు పది యిండ్లలో నుండవచ్చును. కాల్చి వేసిన ముద్ర కనబడినచో సందేహము తీరును. సూక్ష్మజీవుల విషయమున గూడ ఇట్టి ముద్రలు కలవు. ఒకే జాతి సూక్ష్మజీవులలో అనేక వంశములుండును. ఏ వంశము ఎవరినుండి ఎవరికి సోకినదో తెలిసినగాని దాని వ్యాప్తిని అరికట్టుట కష్టము. కెనడా, బ్రిటన్ దేశముల అనుభవము ఇందుకు చక్కని ఉదాహరణము.

సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చు వ్యాధి. లోపముగల జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించిన బిడ్డకు ఇది కలుగును. ఆ జన్యువును 1989లో కనుగొనిరి. ఇది అంటువ్యాధి కాదు. కాని ఈ రోగుల ఊపిరితిత్తులలో చిక్కని శ్లేష్మము పేరుకొనును. అందు నివసించు కొన్ని సూక్ష్మజీవులు ఒక రోగినుండి అదే వ్యాధిగల మరియొక రోగికి సోకగలవు.

అట్టి వానిలో బర్ఖోల్డేరియా సెపేసియా ముఖ్యమైనది. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ బర్ఖోల్డర్ 1950లో దీనిని ఉల్లిగడ్డలను కుళ్లించు తెగులునకు కారణముగా వర్ణించెను. ఆరోగ్యవంతులకు ఇది సాధారణముగా హాని చేయదు. అయితే 1980 తరువాతి సంవత్సరములలో కెనడాలోని టొరంటో నగరమున సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులలో ఇది ప్రబలెను. సోకినవారిలో కొందరు తీవ్రమైన జ్వరముతో, న్యుమోనియాతో త్వరగా క్షీణించి మరణించిరి. పెక్కు మందులకు ఆ సూక్ష్మజీవి లొంగలేదు.

ఇది నేలనుండి వచ్చినదా, ఆసుపత్రినుండి వచ్చినదా, రోగులు ఒకరికొకరు పంచుకొన్నదా? రోగుల పరస్పర సాంగత్యము వలన సోకుచున్నదనుటకు 1993లో బ్రిటన్ నుండి బలమైన సాక్ష్యము వెలువడెను. అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపుల వ్యాపించిన ఒక వంశమునకు ఇ.టి.12 అను పేరు వచ్చెను. తాళ్లవలె పెనవేసికొను సన్నని నూలుపోగులను సూక్ష్మజీవి దేహముపై నిర్మించు జన్యువు ఈ వంశమునకు గుర్తని 1995లో తెలిపిరి. పలు అంటు వంశములలో కనిపించు మరియొక జన్యు చిహ్నమును 1997లో ప్రకటించిరి. దాని పొడవు సుమారు 1,400 జన్యు అక్షరములు.

అయినను ముద్ర ఒక్కటే తీర్పు కాదు. ఈ చిహ్నములు లేని వంశములు కూడ కొన్నిచోట్ల రోగులలో వ్యాపించినవి. కావున గుర్తు లేనంత మాత్రమున భయము లేదనరాదు. నేడు ప్రయోగశాలలు సూక్ష్మజీవి జన్యుపదార్థమంతటిని చదివి పోల్చుచున్నవి.

ఈ జ్ఞానమునకు రోగులు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఒకే బాధను పంచుకొను బాలబాలికలు కలిసికొను వేసవి శిబిరములు నిలిచిపోయినవి. ఆసుపత్రిలో కూడ వారిని వేరుచేసి చూడవలసి వచ్చినది. తన కష్టమును బాగుగా నెరిగిన మిత్రునికే దూరముగా నుండుట పసివానికి ఎంత కఠినము! కాని ఈ కట్టుబాటు వలన ఇ.టి.12 వ్యాప్తి చాల తగ్గినది.

పంచాయతీ సభ్యులు దీనినుండి గ్రహింపదగినవి రెండు కలవు. మొదటిది, ఈ వ్యాధి మన దేశమున గూడ కలదు. మాటిమాటికి దగ్గు, న్యుమోనియా వచ్చుచు, తిన్నను ఎదగని బిడ్డ చెమట మిక్కిలి ఉప్పగా నున్నచో తల్లిదండ్రులు పెద్ద ఆసుపత్రికి కొనిపోవునట్లు ప్రోత్సహింపుడు. అచట చెమటను పరీక్షించి వ్యాధిని నిర్ణయింతురు. ఆ కుటుంబమును ఇరుగుపొరుగు వారు వెలివేయనీయకుడు. వారితో మెలగుటవలన ఈ వ్యాధి రాదు. రెండవది, ఏ అంటువ్యాధి వచ్చినను వదంతిని నమ్మి ఒకరిపై నేరము మోపరాదు. ఎవరు ఎవరిని కలిసిరో, ఏ నీరు త్రాగిరో దాచక ఆరోగ్య సిబ్బందికి తెలుపవలెను, పరీక్షలకు సహకరింపవలెను. ఎవరిని, ఎంతకాలము వేరుగా నుంచవలెనో సాక్ష్యమును బట్టి నిర్ణయించినపుడే ఆ కట్టుబాటు న్యాయమగును.