పాఠం 9: తన నకలును తానే తయారుచేసుకొనే ప్రోగ్రాం

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కోర్ వార్ ఆట నియమాలను వివరించగలుగుతారు.
• నకలు తీసే ప్రోగ్రాంలోని దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• నకళ్ల వల్ల కలిగే లాభనష్టాలను లెక్కకట్టగలుగుతారు.

9.1 పరిచయం

జంషెడ్‌పూర్‌లో ఉండి ఈ పాఠం చదువుతున్న మీకు ఉక్కు కర్మాగారం కొత్త కాదు. అక్కడ 1912 నుంచి ఉక్కు తయారవుతున్నది. అక్కడి యంత్రాలు ఉక్కును తయారుచేస్తాయి. తమవంటి యంత్రాలను మాత్రం తయారుచేసుకోవు. కంప్యూటర్ ప్రోగ్రాం ఆ పని చేయగలదు. ఎలాగో ఒక ఆట ద్వారా తెలుసుకుందాం.

9.2 ఆట నియమాలు

కోర్ వార్ ఆటను ఎ.కె. డ్యూడ్నీ 1984 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పాఠకులకు పరిచయం చేశాడు. ఇందులో రెండు ప్రోగ్రాంలు ఒకే మెమరీలో పోరాడతాయి. మెమరీలో సాధారణంగా 8000 గడులుంటాయి. చివరి గడి తరువాత మళ్లీ మొదటి గడి వస్తుంది. ప్రోగ్రాంలు వంతులవారీగా ఒక్కొక్క ఆదేశాన్ని అమలుచేస్తాయి. 'డాట్' అనే గడిని అమలుచేయబోయిన భాగం ఆగిపోతుంది. నడిచే భాగం ఒక్కటీ మిగలని ప్రోగ్రాం ఓడినట్లు.

9.3 ఇంప్

అన్నిటికన్న చిన్న ప్రోగ్రాం ఇది. ఇందులో ఒకే ఆదేశం ఉంది:

మూవ్ 0, 1

అంటే, "ఈ గడిలో ఉన్నదాన్ని పక్క గడిలోకి నకలు చేయి" అని అర్థం. తరువాతి వంతులో ఆ నకలే అమలవుతుంది. ఇలా 8000 వంతుల్లో మెమరీ అంతా చుట్టివస్తుంది. కాని ఇంప్ దాటిపోయిన గడిని ప్రత్యర్థి అమలుచేస్తే, ప్రత్యర్థి కూడా ఇంప్‌గా మారి నడుస్తూనే ఉంటుంది. ఆట సమమవుతుంది. నకలు తీసినంత మాత్రాన గెలుపు రాదని గమనించండి.

9.4 నకలు తీసే ప్రోగ్రాం

8 గడుల ప్రోగ్రాం ఒకటి రాయాలనుకోండి. దశలు ఇవి:
1. లెక్క గడిలో 8 వేయాలి.
2. ఒక గడిని దూరంగా నకలుచేసి, లెక్కను ఒకటి తగ్గించాలి. లెక్క సున్నా అయ్యేవరకు ఇలాగే చేయాలి.
3. 'స్ప్లిట్' ఆదేశంతో నకలును కూడా నడిపించాలి. ఈ దశ మరచిపోతే నకలు మెమరీలో ఉంటుంది గాని నడవదు.
4. నకలు పడే చోటును మార్చి, మొదటికి వెళ్లాలి.

9.5 లాభనష్టాలు

రెండవ దశకు గడికి 2 ఆదేశాల చొప్పున 16 వంతులు, మిగతా పనులకు 4 వంతులు, మొత్తం 20 వంతులు పడతాయి. ప్రత్యర్థి 'డ్వార్ఫ్' అనుకుందాం. అది 3 వంతులకొకసారి, 4 గడుల ఎడంతో ఒక డాట్‌ను వేస్తుంది. మెమరీ చుట్టిరావటానికి 2000 డాట్‌లు, అంటే 6000 వంతులు కావాలి. ఈలోగా మనం అత్యధికంగా 6000 ÷ 20 = 300 నకళ్లు తీయగలం.

నకళ్లు పెరిగితే ఈ వేగం కూడా పెరుగుతుందా? పెరగదు. స్ప్లిట్ తరువాత నకళ్లన్నీ ఒకే వంతును పంచుకుంటాయి. 10 నకళ్లుంటే ఒక్కొక్కటి 10 వంతులకొకసారి కదులుతుంది. పెరిగేది భద్రత మాత్రమే. ఒకటి దెబ్బతిన్నా మిగతావి నడుస్తాయి. నకలు వెళ్లి ప్రత్యర్థి మీద పడితే దాన్ని చెరిపివేస్తుంది కూడా. 1986లో బోస్టన్ కంప్యూటర్ మ్యూజియంలో జరిగిన పోటీలో చిప్ వెండెల్ రాసిన 'మైస్' ఈ పద్ధతితోనే గెలిచింది.

జాగ్రత్త: ఈ ప్రోగ్రాంలు ఆట కోసం ఏర్పరచిన మెమరీలోనే నడుస్తాయి; మీ కంప్యూటర్‌కు హాని లేదు. 1988లో నెట్‌వర్క్‌లోకి వదిలిన ఒక ప్రోగ్రాం మితిమీరి నకళ్లు తీసుకొని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అక్కడ కూడా నకళ్లన్నీ ఒకే కంప్యూటర్ కాలాన్ని పంచుకున్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నకళ్లను 1000 గడుల ఎడంతో వేస్తూ పోతే ఎన్నవ నకలు అసలు ప్రోగ్రాం మీదనే పడుతుంది?
2. పై ప్రోగ్రాంను 6 గడులకు కుదిస్తే ఒక నకలుకు ఎన్ని వంతులు పడతాయి?

జవాబులు: 1. ఎనిమిదవది (8 × 1000 = 8000). 2. 16 (12 + 4).