ఇంజను బ్లాకు: పోతయినుమా, అల్యూమినియమా?

నీటి యెద్దడి కాలమున పంపు ఇంజను ఒక వారము మూలబడినచో పైరు ఎండిపోవును. సంఘమునుండి అప్పు తీసికొని కొన్న ఇంజను, ఆ అప్పు తీరకమునుపే అరిగిపోయినచో నష్టము రెట్టింపగును. కావున ఇంజను కొనగోరు రైతు సోదరులు అశ్వశక్తిని, ధరను మాత్రమేగాక, దాని బ్లాకు ఏ లోహముతో పోయబడినదో కూడ తెలిసికొనవలెను.

బ్లాకనగా ఇంజనునకు మొండెము వంటిది. పిస్టను ఆడు సిలిండరులు, వాని చుట్టు నీరు పారు దారులు, క్రాంకు తిరుగు చోటు దీనియందే యుండును. పిస్టనును, రింగులను మార్చుట సులభము. బ్లాకు చెడినచో ఇంజను చెడినట్లే.

దీనిని పోతయినుముతోగాని, అల్యూమినియపు మిశ్రలోహముతోగాని పోయుదురు. ఒక లీటరు పరిమాణము గల పోతయినుము సుమారు 7.2 కిలోలు తూగును. అంతే పరిమాణము గల అల్యూమినియము 2.7 కిలోలే తూగును. పోతయినుము సుమారు 1,150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివరకు కరగదు. స్వచ్ఛమైన అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. ఒకే వేడికి అల్యూమినియము ఇనుముకన్న ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. అయితే వేడిని త్వరగా బయటికి పంపుటలో అల్యూమినియమే మేలు.

ఇంటి పాత్రలను చూచిన ఈ సంగతి తెలియును. సత్తుగిన్నె త్వరగా కాగును. నీరు లేక పొయ్యిమీద మరచినచో అడుగు వంకరపోవును. ఇనుప పెనము బరువే కాని, దినదినము మంటను ఓర్చుకొనును.

పోతయినుమునందు మరియొక సుగుణము కలదు. దానిలోని కర్బనము సన్నని గ్రాఫైటు పలుకులుగా నుండి, రింగుల రాపిడికి కొంత కందెనవలె తోడ్పడును. యంత్రపు అదురును గూడ అణచును. ఇంగ్లండునందలి డర్‌స్లీలో లిస్టరు కంపెనీవారు 1929లో ప్రారంభించిన సి.ఎస్. తరగతి ఇంజనులు ఇందుకు నిదర్శనములు. వానిలో 5 అశ్వశక్తుల ఇంజను నిమిషమునకు 600 చుట్లు మాత్రమే తిరుగుచుండెడిది. ఆ మాదిరి ఇంజనులను తరువాత మన దేశమున రాజకోటలోను తయారుచేసిరి. బరువైన పోత, నెమ్మదియైన నడక, ఈ రెండును వాని దీర్ఘాయువునకు కారణములు.

అట్లని అల్యూమినియమును త్రోసిపుచ్చరాదు. 1970లో అమెరికాలో షెవర్లే కంపెనీవారు వేగా యను కారును వెలువరించిరి. దాని సిలిండరులకు ఇనుప లైనరు లేదు. పిస్టను అల్యూమినియముమీదనే ఆడెడిది. ఇంజను మితిమీరి వేడెక్కినపుడు సిలిండరుల ఆకారము చెడి, నూనె విశేషముగా ఖర్చయ్యెడిది. 1977లో ఆ కారు తయారీ నిలిచిపోయెను. నేడు పెక్కు కార్లకు అల్యూమినియపు బ్లాకులే కలవు; వానిలో చాలవాటికి సిలిండరు లోపల పోతయినుప లైనరును అమర్చుదురు. రాపిడిని ఇనుము భరించును, బరువును అల్యూమినియము తగ్గించును.

కాబట్టి పనినిబట్టి లోహమును ఎన్నుకొనవలెను. ఒకచోట స్థిరముగా బిగించి గంటలకొలది నడపు నీటి ఇంజనునకు పోతయినుమే తగినది. ట్రాక్టరునకును అంతే, పెక్కు ట్రాక్టరులలో బ్లాకే చట్రమునందు భాగమై బరువు మోయును. వీపున మోయు పిచికారి యంత్రమునకు, చేను చేనుకు తీసికొనిపోవు చిన్న పంపునకు అల్యూమినియము మేలు. అట్టిదానిని కొనునపుడు సిలిండరునకు ఇనుప లైనరుగాని, గట్టి లోహపు పూతగాని కలదా యని అడుగవలెను. అరిగినపుడు రీబోరు చేయించుటకు, లేక లైనరు మార్చుటకు వీలున్నదా యనియు విచారింపవలెను. సంఘసభ్యులు ఇద్దరు ముగ్గురు కలిసి పోయి విచారించుట మంచిది.

కొన్న పిమ్మట పాటింపవలసిన విషయములు:

1. నీటితో చల్లారు ఇంజనునందు నీటిమట్టమును ప్రతిదినము చూడవలెను. రేడియేటరులో ఉప్పునీరు పోయరాదు.

2. ఇంజను మితిమీరి కాగినచో వెంటనే ఆపి, తనంతట చల్లారనీయవలెను. కాగిన పోతయినుముపై చన్నీరు పోసినచో పగులును. అల్యూమినియము వేడికి వంగినచో హెడ్డు అతుకువద్ద నీరు కారును.

3. అల్యూమినియములో బోల్టులను బలముకొలది బిగింపరాదు. లోపలి మరలు తెగిపోవును.

4. నూనెను గడువు ప్రకారము మార్చి, గాలి వడపోతను శుభ్రపరుపవలెను. దుమ్ము ఏ లోహపు సిలిండరునైనను అరగదీయును.

ఈ నాలుగింటిని ఉపేక్షించినవారి యింట ఇనుప బ్లాకు కూడ నిలువదు. శ్రద్ధగా పాటించినవారికి లైనరు గల అల్యూమినియపు ఇంజనును చిరకాలము పని చేయును.