బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ - లోపల ఏముంది?



ఏటా వేసవిలో ఫీజు సాయం కోసం మన సొసైటీకి దరఖాస్తులు వస్తాయి. వాటిలో బడి పేరు రాసే చోట ‘ఇంటర్నేషనల్’ అనే మాట కొన్నేళ్లుగా ఎక్కువగా కనబడుతోంది. రాజోలు, అమలాపురం, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లినవారి బిడ్డలు కొందరు. అక్కడి నుంచి తిరిగి వచ్చేసిన కుటుంబాలు కొన్ని. ఇక్కడే ఆటో నడుపుకుంటూ, మిషను కుట్టుకుంటూ బతికేవారు మరికొందరు. అందరి కోరికా ఒకటే: తక్కువ ఫీజులో మంచి ఇంగ్లీషు బడి. కోరికలో తప్పు లేదు. ఆ బడిని చూడకుండా మనం చెక్కు రాయడంలోనే తప్పుంది.

ఆ తప్పు మేమూ చేశాం. కొన్నేళ్ల క్రితం కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఒకరి అమ్మాయికి ఫీజు కట్టించాం. రసీదు చూసి తృప్తిపడ్డాం. బస్సుకీ పుస్తకాలకీ తల్లి గాజులు కుదువపెట్టిందని మాకు తెలియదు. పాప ఏడో తరగతిలో ఉండగా అక్కడ తండ్రి పని పోయింది. బకాయి తీరిస్తేనే టి.సి. ఇస్తామన్నారు బడివారు. పాప నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. సంగతి తెలిసి వెళ్తే, “మీరు ఇచ్చిందే గొప్ప మాస్టారూ” అందా తల్లి. ఆ మాటే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. అప్పటి నుంచి బడిని పరిశీలించే పద్ధతి ఒకటి రాసుకున్నాం. దాన్నే ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

1. గుర్తింపు ఎవరిది?

‘ఇంటర్నేషనల్’ అనేది పేరు మాత్రమే, పాఠ్యక్రమం కాదు. ఐ.బి., కేంబ్రిడ్జి పాఠ్యక్రమాలు చెప్పే బడులకు ఆ సంస్థల అనుమతి ఉండాలి. ఆ బడుల జాబితాలు వాటి వెబ్‌సైట్లలో అందరికీ కనిపిస్తాయి. సి.బి.ఎస్.ఇ. బడి అయితే అనుబంధ సంఖ్య ఉంటుంది. ఫీజులు, ఉపాధ్యాయుల వివరాలు, భవన, అగ్నిమాపక ధ్రువపత్రాలు బడి వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆ బోర్డు నిబంధన. రాష్ట్ర బోర్డు బడి అయితే ప్రభుత్వ గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో పత్రం చూపమని అడగాలి. పదో తరగతి హాల్ టికెట్టు మీద వేరే బడి పేరు చూసి తల్లిదండ్రులు నివ్వెరపోయిన సందర్భం మా అనుభవంలో ఉంది. అడగవలసింది చేర్చే రోజున, పరీక్ష రోజున కాదు.

గల్ఫ్ నుంచి వచ్చినవారు ఒక విషయం గమనించాలి. జెద్దాలోని ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూల్ 1969 నుంచి నడుస్తోంది. అక్కడ చెప్పేది మన సి.బి.ఎస్.ఇ. పాఠాలే. అలాంటి బడి నుంచి వచ్చిన పిల్లకు ఇక్కడ కావలసింది అదే పాఠం కొనసాగడం, గేటు మీద అదే మాట ఉండడం కాదు.

2. ఏడాదికి మొత్తం ఖర్చెంత?

ఒక ఉదాహరణ చూద్దాం. ఫీజు రూ. 30,000 అని చెప్పారనుకుందాం. బస్సుకు 12,000, పుస్తకాలకు 7,000, యూనిఫాం, బూట్లకు 4,000, పరీక్షలకూ కార్యక్రమాలకూ 2,000 కలిపితే రూ. 55,000 అవుతుంది. కేంబ్రిడ్జి పరీక్షలైతే సబ్జెక్టు చొప్పున రుసుము అదనం. ఈ మొత్తాన్ని ఆ కుటుంబం పదో తరగతి దాకా మోయగలదా? మోయగలిగితేనే అది అందుబాటులో ఉన్న బడి. డొనేషన్ పేరుతో ముందే సొమ్ము అడగడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం.

3. తరగతి గదిలో ఏం జరుగుతోంది?

గదిలో ఏసీ ఉందా అని కాదు, ఎందరు పిల్లలున్నారని చూడండి. చట్టం చెప్పిన లెక్క ఒకటి నుంచి ఐదు వరకు 30 మందికి ఒక ఉపాధ్యాయుడు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు. ఉపాధ్యాయుల శిక్షణ, ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారన్నది అడగండి. ఏటా మాస్టార్లు మారిపోయే బడిలో చదువు నిలవదు. చివరి బెంచీ పిల్లవాడి నోటుపుస్తకం తెరవండి. ఎర్ర సిరా టిక్కులేనా, తప్పు దిద్ది మళ్లీ రాయించారా? పాఠంలోని నాలుగు వాక్యాలు చదివించి, అర్థం తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ ఇంగ్లీషు పెదవుల మీదే ఉన్నట్టు.

4. మధ్యలో వచ్చిన పిల్లకు చోటుందా?

సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యులపై నెలకు తలకు 100 రియాళ్ల రుసుము వేశారు. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. భరించలేక ఎందరో భార్యాబిడ్డలను ఇంటికి పంపారు. అదే ఏడు కరోనాతో మరెందరో తిరిగి వచ్చారు. అలాంటి పిల్లలకు తెలుగు అక్షరాలే కొత్త. వారికి విడిగా తెలుగు నేర్పే ఏర్పాటు ఉందా అని అడగాలి. పది చదువుతుండగా బడి మారాలంటే సి.బి.ఎస్.ఇ.లో బోర్డు అనుమతి కావాలి. అందుకే తిరిగి రావాలనుకునేవారు తొమ్మిదికి ముందే రావడం మేలు.

5. ఆదాయం ఆగితే ఏం చేస్తారు?

ఈ ప్రశ్న ప్రిన్సిపాల్‌ని సూటిగా అడగండి. వాయిదాలు ఇస్తారా? ఒక ఏడాది ఆగుతారా? ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా, అంటే ఎనిమిదో తరగతి వరకు, బడి మారే పిల్లకు టి.సి. వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మా పాప విషయంలో ఆ సంగతి అప్పుడే చెప్పి నిలబడి ఉంటే నాలుగు నెలలు పోయేవి కావు.

మనవారు నడిపే బడినైనా ఇవే ప్రశ్నలు అడగాలి. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అడగని చోట దాతే అడగాలి. దుబాయ్‌లో ప్రభుత్వ సంస్థ కె.హెచ్.డి.ఎ. బడులను తనిఖీ చేసి, ఏ బడి ఏ స్థాయిలో ఉందో నివేదికలు ప్రకటించేది. మనకు అంత ఏర్పాటు లేకపోయినా, ఇద్దరు సభ్యులు ఒక పూట బడికి వెళ్లి, ఒక కాగితం మీద ఐదు జవాబులు రాసుకు రావచ్చు.

ఏ ప్రైవేటు బడీ ఈ పరీక్షలో నిలవకపోతే జిల్లా పరిషత్ హైస్కూలును చిన్నచూపు చూడనక్కర్లేదు. అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, ఉచిత పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉన్నాయి. సాయంత్రం ఇంగ్లీషు, లెక్కల ట్యూషన్‌కు మనం సాయపడితే చాలు.

చివరిగా ఒక మనవి. పై ఉదాహరణ ప్రకారం రూ. 1,10,000తో ఫీజు మాత్రమే కడితే ముగ్గురికి వస్తుంది. మొత్తం ఖర్చు భరిస్తే ఇద్దరికే వస్తుంది. ముగ్గురి పేర్లు నివేదికలో అచ్చువేసుకోవడం కన్నా, ఇద్దరిని పదో తరగతి దాటించడం మేలని మా అభిప్రాయం. మీరిచ్చే ప్రతి రూపాయీ మన చేతిలో అమానత్. ఆ పిల్ల చదువు పూర్తయిన రోజునే దాన్ని అప్పగించినట్టు.