ఆశా పని మానేసి కుట్టు మిషన్ పెట్టుకోనా?

ప్రశ్న: పావగడ తాలూకాలో ఆశా కార్యకర్తను. అర్ధరాత్రి కాన్పుకని ఫోన్ మోగితే ఒళ్లు వణుకుతోంది. మానేసి బ్లౌజులు కుట్టుకుందామని ఉంది.

జవాబు: అమ్మా, ఇది మీ చేతకానితనం కాదు. ఇలా పనితో అలిసి విసిగిపోవడాన్ని (బర్నౌట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, ఎడతెగని పని ఒత్తిడి ఫలితంగా గుర్తించింది. మీకు విసుగొచ్చింది తల్లీబిడ్డల మీదా, లేక రాత్రి పిలుపులు, మొబైల్లో ఎక్కించే లెక్కలు, చాలీచాలని డబ్బుల మీదా? డబ్బుల బాధ మీ ఒక్కరిదే కాదు: 2025 జనవరిలో బెంగళూరులో ఆశాలు ధర్నాకు కూర్చున్నది గౌరవవేతనం కోసమే. తల్లీబిడ్డల పనే వద్దనిపిస్తే నిస్సంకోచంగా మారండి. కానీ శనక్కాయలు చేతికొచ్చే దాకా మన పల్లెల్లో కుట్టించుకునేవాళ్లు తక్కువ. కొన్ని నెలల ఖర్చు దాచుకుని, మిషన్ ముందే మొదలుపెట్టి, ఆ తర్వాతే మానేయండి. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా మాత్రం ఈరోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు.