పడిశం పట్టిందా? ఇట్లా వచ్చి కూర్చో చెల్లీ

కార్తీకంలో చలి మొదలైందో లేదో మన ఇళ్లల్లో తుమ్ముల మేళం మొదలవుతుంది కదా చెల్లీ. ముందు పిల్లోడికి, రెండ్రోజులకు వాళ్ల నాయనకు, అందరికీ చేసిపెట్టీ పెట్టీ ఆఖరికి మనకు. పడిశం పది రోగాల పెట్టని పెద్దోళ్లు ఊరికే అన్లేదు. అయినా బెంగ పడేంత జబ్బేం కాదులే. టీ తాగుతా విను.

వచ్చింది జలుబో, దుమ్ము పడకనో ముందు తేల్చుకుందాం. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లా మన అనంతపురం. బొమ్మనహాళ్ దిక్కు దర్గా హొన్నూరులో గాలికి ఇసుక మేటలు పొలాల మీదికే వస్తాయి. ఇక శెనక్కాయ కట్టె ఆరబెట్టి కాయ రాల్చేటప్పుడు లేచే దుమ్ము సంగతి నీకు నేను చెప్పాలా? కళ్లు దురదలు, వరసగా తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి, జ్వరం మాత్రం లేదు, కళ్లం నుంచి ఇంటికొస్తే నెమ్మది. అదైతే దుమ్మే. ముక్కుకు గుడ్డ కట్టుకో, ఇంటికి రాగానే మొహం కడిగి చీర మార్చుకో. గొంతు గరగర, ఒళ్లు నొప్పులు, ముక్కు దిబ్బడ, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అయితే జలుబే. అది వైరస్ పని. పెరుగన్నం తిన్నావని పిల్లోణ్ణి తిట్టకు.

ఆ వైరస్ తుమ్ము తుంపర్లతోనూ, మన చేతుల మీదుగానూ ముక్కులోకి చేరుతుంది. ట్యాంకరు కోసం కాచుక్కూర్చుని బిందెలు లెక్కబెట్టుకుంటుంటే అక్క చేతులు కడగమంటుందే అని నీకు నవ్వొస్తుంది, తెలుసు. నీళ్లు ఎక్కువ అక్కర్లేదే తల్లీ. చేయి తడుపు, సబ్బు పెట్టు, వేళ్ల సందులు, గోళ్ల కింద 20 సెకన్లు రుద్దు. ఆ రుద్దేటప్పుడు చుక్క నీళ్లు ఖర్చు కావు. కడిగేదానికి అర చెంబు చాలు, ఆ నీళ్లూ కింద గిన్నె పెట్టి పడితే కరివేపాకు చెట్టుకు పోయొచ్చు. చీమిడి తుడిచాక, పిల్లలు బడి నుంచి వచ్చాక, అన్నానికి ముందు తప్పనీయకు. ముక్కు తుడిచే గుడ్డ ఎవరిది వాళ్లకే.

వచ్చేసిందే అనుకో, ఏం చేద్దాం? రెండో రోజు, మూడో రోజు బాగా సతాయిస్తుంది, తర్వాత వారం పది రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించు. రాత్రికి ఉలవకట్టులో మిరియాలు దంచి వేసి, వేడివేడిగా సంగటిలోకి పోసుకో. వైరస్‌ను చంపదు గానీ ముక్కు కాస్త వదులై నోటికి రుచి తెలుస్తుంది. దగ్గే పిల్లలకు పడుకునే ముందు చెంచా తేనె మంచిదే. ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాకించొద్దు. పిల్లల దగ్గర ఆవిరి గిన్నె వద్దే వద్దు, ఒలికితే ఒళ్లు కాలుతుంది.

మందుల షాపుకు పోయి గొట్టం బిళ్లలు అడగడం, "ఒక సూది వెయ్ సార్" అనడం ఇక మానేద్దామా? యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు, చీమిడి పచ్చగా మారినా అంతే. పిల్లల దగ్గు మందు జోలికైతే సొంతంగా అసలు పోవద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గు మందు తాగి, కిడ్నీలు చెడి పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా వద్దనీ కేంద్రం ఆ అక్టోబరులో చెప్పింది.

బిడ్డ నెమ్మదిగా పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకో. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 వచ్చినా, దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యి.

నీ సంగతి కూడా చూసుకో. "నాకేంలే అక్కా" అని కొంగుతో మూతి తుడుచుకుని పనిలో పడిపోతావ్. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఏమైనా ఉందేమో కళ్లె పరీక్ష చేయించుకో. సర్కారు ఆసుపత్రిలో దానికి పైసా తీసుకోరు.