ఈ రాత్రి ఒక ప్రశ్న



మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నప్పుడు బడిలో మందమతి అనుకున్నారు. పాఠం తలకెక్కేది కాదు. మబ్బులనో పురుగులనో చూస్తూ ఉండిపోయేవాడు. ఈరోజుల్లో అయితే ఏ సెక్షన్‌లో వేసేవాళ్లమో! ఆ పిల్లవాడే పెద్దయ్యాక, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో స్వయంగా రద్దు చేశారు. చివరిదాకా రిషివ్యాలీ పిల్లలతో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు.

మీటింగుల్లో మీరు మార్కుల గురించి అడుగుతారు. అడగాల్సిందే. ఈ రాత్రి భోజనాల దగ్గర మాత్రం, “ఈరోజు దేన్ని ఎక్కువసేపు చూశావు?” అని బిడ్డను అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఈలోపు హోంవర్క్ గుర్తుచేయకండి.