జబ్బు చేసిందని ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: మా వారు రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. పార్కిన్సన్స్ వచ్చి చేతులు వణుకుతున్నాయి. టైపు చేయడం ఆలస్యమవుతోంది. ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది. 'అన్‌ఫిట్ రాయించుకుని వెళ్లిపోండి, మీ అబ్బాయికి ఉద్యోగం వస్తుంది' అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. అబ్బాయికి ఉద్యోగమనేది మెడికల్ బోర్డు, నిబంధనలు, ఖాళీలు అన్నీ కలిసొస్తే దక్కేది. మీ వారి ఉద్యోగం అలా కాదు, దానికి చట్టం అండ ఉంది.

వైకల్యం అనగానే కాలో కన్నో పోవడమే అనుకుంటాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ కూడా ఉన్నాయి. కిడ్నీ జబ్బును విడిగా చేర్చలేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లను చూస్తే అది పెద్ద లోటనే అనిపిస్తుంది.

ఆ చట్టంలోని 20(4) సెక్షన్ మీకు ముఖ్యం. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న సీటులో పని చేయలేకపోతే అదే పే స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అదీ కుదరకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులో ఉంచవచ్చు.

ఇప్పటికే సంతకం పెట్టేసినవారూ ఆశ వదులుకోనక్కర్లేదు. అన్‌ఫిట్ అని ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చినంత మాత్రాన రక్షణ పోదని కునాల్ సింగ్ కేసులో 2003లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత చట్టం కింద వచ్చిన తీర్పు. మన ఆర్టీసీలోనూ ఒక కేసుంది. రంగులు సరిగా గుర్తించలేడని 2016లో ఇంటికి పంపిన డ్రైవర్‌కు అదే పే గ్రేడులో వేరే ఉద్యోగం, బకాయి జీతంలో 25 శాతం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది ప్రధానంగా 1979 నాటి కార్మిక ఒప్పందం ఆధారంగా తేలినా, వేరే పని చూపే ప్రయత్నమే చేయకుండా పంపేయడాన్ని కోర్టు ఒప్పుకోలేదు.

ఇక ఆఫీసుకు పెట్టాల్సిన అర్జీ సంగతి. చాలామంది 'పని చేయలేకపోతున్నాను, దయతో...' అని మొదలుపెట్టి తమ కేసును తామే పాడుచేసుకుంటారు. చేయగలిగిన పనులు రాయండి: ఫైళ్ల పరిశీలన, రికార్డు సెక్షన్, ఫోన్ పనులు. కావలసిన సదుపాయాలు రాయండి: మాట్లాడితే టైపయ్యే సాఫ్ట్‌వేర్, మాత్ర బాగా పనిచేసే గంటలకు తగ్గట్టు పనివేళలు. న్యూరాలజిస్టు సర్టిఫికెట్, ఉంటే యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు నకలు జతచేసి, ఆఫీసు కాపీ మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. నోటి మాటను కోర్టులో నిరూపించడం కష్టం.

ప్రైవేటు ఉద్యోగులకు ఈ 20(4) రక్షణ లేదు. అయితే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. అది చూపమని హెచ్ఆర్‌ను అడగవచ్చు. ఈఎస్ఐ ఉంటే మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజులు 70 శాతం వేతనం వస్తుంది. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు, సర్వీసు షరతులకు లోబడి, రెండేళ్ల వరకు 80 శాతం ఇస్తారు.

ఆఫీసు కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఆపైన హైకోర్టులో రిట్ వేయవచ్చు. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.